రాలిన బండ, నిలిచిన బండ

1917వ సంవత్సరం ఏప్రిల్ 17వ తేదీన విజయనగరం పరిసరాలలో భూమి కంపించింది. దాని తీవ్రత 5.5 అని భూకంపాల పట్టికలు చెబుతున్నాయి. గురజాడ అప్పారావుగారు కన్నుమూసి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు. విజయనగరం అప్పుడు మద్రాసు రాజధానిలో, విశాఖపట్టణం జిల్లాలో ఒక జమీందారీ పట్టణం. ఆ పేరుతో ఒక జిల్లా ఏర్పడడానికి ఇంకా అరవై రెండేళ్ళు పట్టింది.

బొబ్బిలి యుద్ధం 1757 జనవరిలో జరిగిందని చెప్పగలిగినవారు మా వైపు ఎందరో ఉన్నారు. 1794లో పద్మనాభం దగ్గర చినవిజయరామరాజు నేలకొరిగిన కథ చెప్పేవారూ ఉన్నారు. 1917 భూకంపం మాట ఎత్తితే మాత్రం "అలాగా?" అని అడుగుతారు. ఇందులో వింతేమీ లేదు. యుద్ధానికి వీరుడుంటాడు, వీరుడికి పాట ఉంటుంది, పాటకు పాడేవాడుంటాడు. నిమిషంలో వచ్చిపోయే కంపానికి ఇవేవీ ఉండవు. గోడ బీటలు పూడ్చి సున్నం వేసేసరికి జ్ఞాపకం కూడా దాని కింద పడి మాసిపోతుంది.

నూరేళ్ళ కిందటి సంగతే ఇలా ఉంటే, అయిదు వందల ఏళ్ళ కిందటి కంపం మాటేమిటి? వెయ్యేళ్ళ కిందటి దాని మాటేమిటి? మనుషులు రాయని భూకంపాన్ని మరెవరైనా రాసి పెట్టారా? ఈ ప్రశ్నకు ప్రపంచంలో కొన్నిచోట్ల కొండలు జవాబు చెప్పాయి. భూమి కదిలినప్పుడు రాలిన చరియలు, వాటి కింద చిక్కుకుపోయిన చెట్లు, అవి అడ్డుపడి ఆపేసిన నదులు, ఇవన్నీ ఒక రకమైన శాసనాలే. ఆ లిపిని చదవడం మనుషులు ఈమధ్యనే నేర్చుకున్నారు. ఆ చదువు ఎలా సాగుతుందో, దానితో మన తూర్పు కనుమలకు ఏమి పనో చెప్పడమే ఈ టపా ఉద్దేశం.

ముందు మన రాతల సంగతి చూద్దాం. సింహాచలం, శ్రీకూర్మం, ముఖలింగం ఆలయాల గోడల మీదా స్తంభాల మీదా శాసనాలు వందల సంఖ్యలో ఉన్నాయి. ఎవరు అఖండ దీపం పెట్టించారో, దానికి నేతి కోసం ఎన్ని ఆవులిచ్చారో, నైవేద్యానికి ఏ పొలం రాసిచ్చారో అవి ఎంతో శ్రద్ధగా చెబుతాయి. దానం నిలవాలి కాబట్టి దాన్ని రాతిమీద చెక్కించారు. భూకంపం నిలవాలని ఎవరూ కోరుకోరు కదా! శాసనం అనే ప్రక్రియకే ఆ పని లేదు. కనుక శాసనాలలో భూకంపం కనబడకపోతే ఆ కాలంలో భూకంపం రాలేదని అనుకోకూడదు. ఆ ప్రశ్న అడగవలసిన చోటు అది కాదని మాత్రమే అనుకోవాలి.

శాస్త్ర గ్రంథాల తీరు మరొకటి. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో భూకంప లక్షణాలకు ఒక అధ్యాయమే కేటాయించాడు. వాయువు, అగ్ని, ఇంద్రుడు, వరుణుడు అని భూకంపాలను నాలుగు మండలాలకు పంచి, ఏ వేళ ఏ నక్షత్రంలో భూమి కంపిస్తే ఏ దేశానికి ఏ కీడో చెప్పాడు. ఇది కూడా రాబోయే కీడు గురించిన చింతే తప్ప, జరిగిపోయిన ఫలానా రోజు ఫలానా ఊళ్ళో ఏమైందన్న రికార్డు కాదు. అలాంటి పట్టిక మన దేశంలో పద్ధతిగా అచ్చయినది 1883లో. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు తొలి అధిపతి అయిన థామస్ ఓల్డ్‌హామ్ 1869 వరకు జరిగిన భూకంపాలను కూర్చగా, ఆయన కుమారుడు రిచర్డ్ ఓల్డ్‌హామ్ ప్రచురించాడు. అప్పటికి తెల్లదొరల కచేరీలూ కంటోన్మెంట్లూ ఉన్నచోట్ల కదలికలు కాగితం మీదికి ఎక్కాయి. మన్యంలో కొండ విరిగిపడితే రాసేందుకు అక్కడ ఎవరున్నారు?

అయితే మన సాహిత్యంలో ఒక గొప్ప మినహాయింపు ఉంది. కల్హణుడు 1148-49లో రచించిన రాజతరంగిణిలో సుయ్యుడి కథ చదివినవారికి గుర్తుండే ఉంటుంది. తొమ్మిదవ శతాబ్దంలో, అవంతివర్మ కాశ్మీరాన్ని ఏలే కాలంలో, వితస్తా నది పొంగి పంటలు మునిగి కరువు వచ్చింది. సుయ్యుడు అనే మేధావి ఈ వరదను తాను ఆపగలనని, అయితే తన దగ్గర ధనం లేదని అనేవాడట. రాజు విని ధనం ఇప్పించాడు. సుయ్యుడు నాణేల కుండలు పడవలో వేసుకుని యక్షదరం అనే చోటికి వెళ్ళి, వాటిని దోసిళ్ళతో నదిలో పోశాడు. చూసినవాళ్ళు పిచ్చివాడన్నారు. కరువుతో మాడుతున్న జనం మాత్రం ఆ నాణేల కోసం నీళ్ళలోకి దిగి, అడుగున పేరుకున్న రాళ్ళను ఒక్కొక్కటీ పైకి లాగేశారు. దారి తెరుచుకుని నది ప్రవహించింది.

కథలోని చమత్కారం అందరినీ ఆకట్టుకుంటుంది. మనకు కావలసింది మాత్రం ఒక చిన్న వివరం. ఆ రాళ్ళు అక్కడికి ఎలా వచ్చాయి? రెండు ఒడ్డులనున్న కొండల మీదినుంచి దొర్లి పడి నదిని ఇరికించాయని కల్హణుడే చెప్పాడు. భూకంపం అన్న మాట ఆయన వాడలేదు. పదకొండు వందల ఏళ్ళు గడిచాక రోజర్ బిల్హామ్ అనే భూకంప శాస్త్రవేత్త, తన సహచరుడితో కలిసి బారాముల్లా దిగువ లోయను పరిశీలించి, ఆ రాళ్ళ వెనుక ఒక పెద్ద భూకంపం ఉందని ప్రతిపాదించాడు. మన అద్దంకిలో పండరంగని శాసనం వెలసిన (848) ఆ తరంలోనే కాశ్మీరంలో ఒక కొండ కూలి, నది ఆగి, కరువు వచ్చి, ఆ కరువును తీర్చినవాడి పేరున సుయ్యపురం వెలసింది. అదే నేటి సోపోర్. కవి కొండ కూలడాన్ని చూశాడు, భూమి కదలడాన్ని చూడలేదు. రెంటినీ కలిపే పని శాస్త్రానికి మిగిలింది.

ఆ కలపడం ఎలాగో తెలియాలంటే కొండ ఎందుకు విరుగుతుందో కొంచెం తెలియాలి. చరియ విరగడానికి రెండు పెద్ద కారణాలు. ఒకటి వాన. మట్టి నీళ్ళు తాగి బరువెక్కుతుంది, లోపలి నీటి ఒత్తిడికి రేణువుల మధ్య పట్టు సడలుతుంది, అప్పుడు జారుతుంది. రెండవది కంపం. భూమి ఊగినప్పుడు వాలు మీద నిలిచినదాన్ని ఆ ఊపు పక్కకు నెడుతుంది. ఆ ఊపు శిఖరాల దగ్గర, గట్ల అంచుల దగ్గర ఇంకా పెరుగుతుంది. జెండాకర్రను మొదట్లో కదిపితే కొస ఎక్కువగా ఊగినట్టే ఇది. అందువల్ల కంపానికి విరిగినవి శిఖరానికి దగ్గరగా మొదలవడం తరచు కనబడుతుంది, వానకు విరిగినవి వాలు కింది భాగాల్లో, నీళ్ళు చేరే పల్లాల దగ్గర మొదలవడం తరచు కనబడుతుంది. ఇది కొట్టొచ్చినట్టు కనబడే తేడా కాదు గానీ, ఒక లోయలో వందల చరియలను కలిపి చూసినప్పుడు ఉపయోగపడుతుంది.

ఎంత కంపానికి కొండ విరుగుతుంది? 1984లో డేవిడ్ కీఫర్ అనే అమెరికన్ భూగర్భ శాస్త్రజ్ఞుడు చరిత్రలో నమోదైన 40 భూకంపాలను వరుసగా పరిశీలించి, తీవ్రత 4 దగ్గరనుంచే రాళ్ళు రాలడం మొదలవుతుందని తేల్చాడు. అన్నిటికన్నా సులభంగా పడేవి నిట్టనిలువు వాలు మీద, పగుళ్ళతో ఉన్న రాతి నుంచి విడివడే బండలు. ఈ లెక్కన 1917 నాటి విజయనగరం భూకంపం కొండల మీద బండలను కదిలించగల శక్తి కలిగినదే.

పెద్ద భూకంపం ఏం చేస్తుందో మన దేశంలో శాస్త్రీయంగా నమోదు చేసినవాడు చిన్న ఓల్డ్‌హామ్. 1897 జూన్ 12న షిల్లాంగు పీఠభూమిని కుదిపిన భూకంపంపై 1899లో ఆయన రాసిన నివేదిక ఈనాటికీ ప్రామాణికం. ఖాసీ, గారో కొండల వాలులు పచ్చదనం ఊడి, చర్మం ఒలిచినట్టు తెల్లబడి ఉండడం ఆయన చూశాడు. నేలలో కూరుకుని ఉన్న బండలు గుంట అంచు చెదరకుండా పైకి ఎగిరి పక్కన పడి ఉండడం కూడా చూశాడు. బండ ఒరిగిపోతే గుంట అంచు విరగాలి. విరగలేదు గనక అది నిలువునా ఎగిరిందన్నమాట. అంటే నేల కదలిక త్వరణం భూమ్యాకర్షణ త్వరణాన్ని మించిపోయింది. పక్కన పడి ఉన్న ఒక రాయి, దాని ఖాళీ గుంట, ఈ రెంటి నుంచి ఆయన అంత పెద్ద మాట లాగాడు. ప్రాచీన భూకంపాలను చదివే విద్యకు ఇలాంటి చూపే పునాది.

కూలిన కొండ వల్ల ప్రాణనష్టం అక్కడికక్కడే అయిపోదు. 1950 ఆగస్టు 15న, స్వాతంత్ర్యదినం నాటి రాత్రి, అస్సాం–టిబెట్ సరిహద్దులో 8.6 తీవ్రతతో భూమి కంపించినప్పుడు సుబన్‌సిరి నదికి చరియలు అడ్డుపడ్డాయి. కొన్నాళ్ళకు ఆ రాతికట్ట తెగి, భూకంపం నుంచి బతికి బయటపడిన దిగువ గ్రామాల మీద నీళ్ళు వచ్చి పడ్డాయి. సుయ్యుడి కథలోని నది, సుబన్‌సిరి నది ఒకే కథను వెయ్యేళ్ళ ఎడంతో చెబుతున్నాయి.

ఇక ఎవరూ రాయని భూకంపం సంగతికి వద్దాం. అమెరికాలో సియాటిల్ నగరం పక్కన వాషింగ్టన్ సరస్సు ఉంది. రెడ్మండ్, బెల్‌వ్యూ, కిర్క్‌ల్యాండ్ అనే ఊళ్ళు దానికి తూర్పు వైపువి. సాఫ్ట్‌వేరు ఉద్యోగాల పుణ్యమా అని తెలుగువారికి ఆ పేర్లు గాజువాక, గోపాలపట్నం అంత పరిచయం. ఆ సరస్సు అడుగున చెట్లు నిటారుగా నిలబడి ఉన్నాయి. నీళ్ళలో చెట్టు మొలవదు కదా! ఒడ్డునున్న కొండవాలు అడవితో సహా జారి సరస్సులోకి దిగిపోవడం వల్ల అవి అక్కడికి చేరాయి. మరి ఆ వాలు ఎందుకు జారింది? వానకా, కంపానికా?

1992లో శాస్త్రజ్ఞులు చెట్టు వలయాలతో దీన్ని తేల్చారు. సరస్సులోని మునిగిన అడవుల దుంగల వలయాలను పోల్చి చూశారు. వేర్వేరు చోట్ల జారిన చెట్లు ఒకే ఏడాది, అదీ ఎదుగుదల ఆగిన చలికాలపు నెలల్లో చనిపోయాయి. ఇది ఒక సాక్ష్యం. సముద్రపు ఒడ్డున మరొకచోట, సునామీ మోసుకొచ్చిన ఇసుకలో ఒక దుంగ దొరికింది. అదీ అదే ఋతువులో చచ్చింది. ఇది రెండవది. దగ్గరలోనే సముద్రపు అడుగు భాగం ఒక్కసారిగా సుమారు 7 మీటర్లు పైకి లేచి ఒడ్డుగా మారిన చోటు ఉంది. దాని కాలమూ ఇదే. ఇది మూడవది. 2023లో మరో పరిశోధన ఈ లెక్కను ఇంకా బిగించింది. 774-775లో ఆకాశం నుంచి వచ్చిన ఒక తీవ్ర కిరణపాతం ప్రపంచంలోని చెట్లన్నిటిలోనూ రేడియోకార్బన్ గుర్తు వదిలింది. ఆ వలయం నుంచి బెరడు వరకు ఒక్కొక్క వలయాన్నీ లెక్కపెట్టి, ఆ చెట్ల చావు 923 చివరికీ 924 మొదటికీ మధ్య జరిగిందని నిర్ణయించారు. వేంగిలో మొదటి అమ్మరాజు ఏలుతున్న రోజులవి. నన్నయ పుట్టడానికి ముందు, లిపి లేని దేశంలో, ఒక శీతాకాలాన కూలిన కొండకు తేదీ దొరికింది.

ఈ ఉదాహరణలో నాకు ముఖ్యంగా తోచేది తేదీ కాదు, సాక్ష్యాల సంఖ్య. ఒక్క చరియ ఏమీ చెప్పదు. దూరదూరంగా ఉన్న చరియలు ఒకే కాలానివై ఉండాలి, కొండతో సంబంధం లేని మరో ఆధారం అదే కాలాన్ని చూపాలి, అప్పుడే కొండ మాట చెల్లుతుంది. న్యాయస్థానంలో లాగే ఇక్కడా ఒంటి సాక్షి మాట నిలవదు.

ఆ జాగ్రత్త లోపిస్తే ఎంత చిక్కో నేపాలులోని పోఖరా చూపిస్తుంది. ఆ ఊరు కట్టిన నేల అంతా అన్నపూర్ణ పర్వతాల నుంచి కొట్టుకొచ్చిన రాళ్ళూ గులకా పేరుకున్న మేట. అక్కడి కాలేజీ ఆవరణలో భీమ్‌కాళీ అనే పెద్ద బండ ఉంది. నదే దాన్ని అంతదూరం మోసుకొచ్చింది. 2016లో ఒక పరిశోధక బృందం ఆ మేటల కాలాన్ని కొలిచి, 1100 ప్రాంతంలోను, 1255లోను, 1344లోను నేపాలును కుదిపిన భూకంపాలతో జతపరిచింది. 1255 నాటిది నేపాలు రాజు అభయమల్లుణ్ణి బలిగొన్న భూకంపం. ఓరుగల్లులో అప్పుడు గణపతిదేవుడు రాజు. ఇది చదివి అంతా తేలిపోయిందనుకుంటే, 2023లో మరొక బృందం అదే లోయను చూసి, 1190 ప్రాంతంలో అన్నపూర్ణ నాలుగవ శిఖరం పైభాగం కూలి సుమారు 23 ఘన కిలోమీటర్ల రాయి కిందికి వచ్చిందని, ఆ మేటకు ముఖ్య కారణం అదేనని అన్నది. గులక ఒకటే, పాఠాలు రెండు. తాళపత్ర ప్రతుల పాఠాంతరాల మీద వాదించుకునే మనకు ఇది కొత్తగా తోచనక్కరలేదు.

ఈ విద్య మనవారికి పరాయిది కూడా కాదు. హైదరాబాదులో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ నుంచి బి. ఎస్. సుఖీజా నాయకత్వాన ఒక బృందం షిల్లాంగు పీఠభూమి అంచున నదుల ఒడ్డులను తవ్వి చూసింది. ఆ బృందంలో ఎం. ఎన్. రావు, డి. వి. రెడ్డి, పి. నాగభూషణం మొదలైనవారు ఉన్నారు. బలమైన కంపానికి నేలలోని తడి ఇసుక ద్రవంలా మారి, పై మట్టి పొరలను చీల్చుకుంటూ ఊబికి వస్తుంది. ఆ ఇసుక చీలికలకు పైనా కిందా చిక్కిన కర్రముక్కల వయసు కొలిస్తే కంపం ఏ రెండు తేదీల మధ్య వచ్చిందో తెలుస్తుంది. అలా 1897కు ముందు 1450–1650 మధ్య ఒకటి, 700–1050 మధ్య ఒకటి, అంతకు పూర్వం ఇంకొకటి పెద్ద భూకంపాలు వచ్చాయని, వాటి మధ్య ఎడం సుమారు అయిదు వందల ఏళ్ళని 1999లో వారు ప్రకటించారు. ఓల్డ్‌హామ్ చూసినదానికి తాతముత్తాతలను హైదరాబాదు ప్రయోగశాల వెతికి పట్టుకున్నదన్నమాట.

ఇప్పుడు మన కొండలకు వద్దాం. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఎక్కినా, సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కినా మనం రెండు పేరుగల రాళ్ళ మీద నడుస్తున్నట్టే. ఒకటి ఖోండలైటు. ఈ కొండల్లోని ఖోండు ప్రజల పేరు మీద టి. ఎల్. వాకర్ 1902లో దీనికి ఆ పేరు పెట్టాడు. రెండవది చార్నకైటు. కలకత్తాలో జాబ్ చార్నక్ సమాధి రాయిని చూసి హాలండ్ పెట్టిన పేరు ఇది. దాదాపు వంద కోట్ల ఏళ్ళ కిందట భూగర్భంలో ఉడికి గట్టిపడిన శిలలివి. ఖోండలైటు వానకూ ఎండకూ త్వరగా కుళ్ళి, ఎర్రని మెత్తని మట్టిగా మారుతుంది. చార్నకైటు పగుళ్ళ వెంట తొక్కలు తొక్కలుగా ఊడి, చివరకు గుండ్రని బండలుగా మిగులుతుంది. ఒకటి జారడానికి సిద్ధంగా ఉండే మట్టి, రెండవది దొర్లడానికి సిద్ధంగా ఉండే గుండు.

అందువల్ల మన కొండపాదాన పడి ఉన్న ప్రతి గుండునూ భూకంపం దొర్లించిందని అనుకుంటే పొరపాటు. పూర్వం కొండలకు రెక్కలుండేవని, ఇంద్రుడు వాటిని నరికాడని పురాణం. మన కొండల రెక్కలు నరికేది ఎక్కువగా వాన. కొత్తవలస నుంచి కిరండూలు వెళ్ళే రైలుమార్గం 1960లలో బైలదిల్లా ఇనుపఖనిజం కోసం కొండలను తొలిచి వేసినది. వానాకాలంలో దాని మీద చరియలు పడి బండ్లు ఆగడం మా వైపువారికి మామూలు వార్త. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను సమయంలో శ్రీకాకుళానికి ఆనుకుని ఉన్న గజపతి జిల్లాలో, బారఘరా అనే గ్రామం దగ్గర, గాలివానకు జడిసి కొండ గుహలో తలదాచుకున్నవారి మీద చరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. ఆశ్రయమనుకున్న కొండే అలా చేసింది. అక్కడ భూమి కంపించలేదు, వాన ఒక్కటే చాలింది.

అయితే భూకంపం మాట మరచిపోవచ్చా? 2002లో ప్రకటించిన భూకంప మండలాల పటంలో మన ఉత్తరాంధ్ర అన్నిటికన్నా తక్కువ ప్రమాదం గల రెండవ మండలంలో ఉంది. ఆ పటంలో ఒకటవ మండలం ఎందుకు లేదో గుర్తుచేసుకోవాలి. అంతకు ముందటి పటంలో ఉండేది. లాతూరు ప్రాంతంలోని కిల్లారి ఆ ఒకటవ మండలంలోనే ఉండేది, అంటే అన్నిటికన్నా సురక్షితమైన చోట. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున అక్కడ వేలమంది రాతిగోడల కింద నలిగిపోయారు. ఆ తరువాత ఒకటవ మండలాన్నే రద్దు చేశారు. ఒంగోలులో 1967లో 5.4, భద్రాచలంలో 1969లో 5.7, ములుగులో 2024 డిసెంబరు 4న 5.3. మన గట్టినేల కూడా అప్పుడప్పుడు కదులుతూనే ఉంది. రాతలో లేకపోవడం భద్రతకు రుజువు కాదని కిల్లారి చెప్పింది. ఆ రాతలను రెండు వందల ఏళ్ళకన్నా వెనక్కు తీసుకుపోగలిగినవి కొండలూ, చెరువు అడుగులూ, నదుల ఒడ్డులే.

ఇక్కడ నాకు ఎంతో నచ్చిన ఒక విషయం చెప్పాలి. రాలిన బండే కాదు, రాలని బండ కూడా సాక్షే. 1990లలో అమెరికాలోని నెవాడాలో జేమ్స్ బ్రూన్ అనే ఆచార్యుడు, ఒకదానిమీద ఒకటి పడిపోతుందేమో అన్నట్టుగా నిలిచిన బండలను చూసి ఒక తేలిక ప్రశ్న అడిగాడు. ఇంత కంపానికి ఇది పడిపోవాలి కదా, పడలేదంటే అంత కంపం ఇక్కడ రాలేదనేగా? ఆ బండ ఎన్ని వేల ఏళ్ళుగా అలా గాలికీ ఎండకూ బయటపడి నిలిచిందో దాని ఉపరితలంలో విశ్వకిరణాలు పుట్టించిన బెరీలియం అణువులను బట్టి కొలవవచ్చు. అంటే ఏ చరిత్రకారుడూ ఇవ్వలేని రకం సాక్ష్యం ఇది, జరగనిదాని గురించిన సాక్ష్యం. తెలుగు దేశంలో ఇలాంటి బండలకు కొదవా? హైదరాబాదు చుట్టూ ఇరవై అయిదు కోట్లు కాదు, రెండు వందల యాభై కోట్ల ఏళ్ళ గ్రానైటు గుండ్లు అలాగే నిలిచి ఉండేవి. వాటిని కాపాడుకుందామని 1996లో అక్కడ ఒక సంఘమే ఏర్పడింది.

మా జిల్లాలో అలాంటి సంఘమేదీ నా ఎరుకలో లేదు గానీ, క్రషర్లు ఉన్నాయి. నిన్న ఉన్న గుట్ట ఇవాళ కంకరై లారీ ఎక్కుతుంది, నిన్నటి ఎర్రకొండ ఇవాళ లేఅవుటుకు గ్రావెల్ అవుతుంది. రోడ్డు కావాలి, ఇల్లు కావాలి, కాదనేవారెవరు? అయితే కొండ అంటే కంకర నిల్వ మాత్రమే కాదు. వాలు కింద పేరుకున్న పాత రాళ్ళగుట్టను తవ్వేస్తే రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి. అది ఎప్పుడు, ఎందుకు జారిందో చెప్పగల ఆధారం పోతుంది. పాదం తొలగిన పై వాలుకు పట్టు పోతుంది. ఒకసారి జారిన నేల మళ్ళీ జారడానికి మొగ్గు చూపుతుందని చరియలను చూసేవారందరూ ఒప్పుకునే మాట. అలాంటి నేల మీద, ఏమీ తెలియక, తక్కువ ధరకు వచ్చిందని స్థలం కొని ఇల్లు కట్టుకునేది చిన్న మనిషే. శాసనం ముక్కను చాకిరేవు బండగా వాడితే మనం నొచ్చుకుంటాం. చదవని కొండను పిండి చేసినప్పుడు మాత్రం ఎవరికీ నొప్పి కలగదు.

సాలిహుండం బౌద్ధ స్తూపాలను 1919లో లోకానికి చూపించినవారు గిడుగు రామమూర్తిగారు. భూకంపం వచ్చి రెండేళ్ళే అయింది. వంశధార ఒడ్డున ఆ కొండ అంతకు ముందూ అక్కడే ఉంది. చూడవలసిన కన్ను పడేదాకా అది ఒక మట్టిదిబ్బ. సవరల భాషను భాషగా చూసిన కన్నే దిబ్బను స్తూపంగా చూసింది. మన కొండలకు అలాంటి చూపు ఇంకా అవసరముంది. అది శాస్త్రజ్ఞులు మాత్రమే చేయవలసిన పని కూడా కాదు. సాక్ష్యం తేల్చడం వారి పని. అది ఎక్కడుందో చెప్పడం, అది చెరిగిపోకముందే ఒక ఫోటో తీసి ఉంచడం మనబోటివారు చేయగలిగినదే.

ఉత్తరాంధ్ర బ్లాగరు మిత్రులకు, ఆ ప్రాంతంతో చుట్టరికం ఉన్నవారికి ఒక మనవి. మీ ఊరి దగ్గర జారిన కొండ, పగిలిన బండ, దొర్లిన గుండు అన్న అర్థం వచ్చే స్థలనామాలు ఉంటే రాయండి. అడుగున చెట్ల మోళ్ళు కనబడే చెరువు గురించి విని ఉంటే రాయండి. పడిపోయేలా ఉండి పడని బండ ఏదైనా ఉంటే, అది ఏ ఊరికి ఎటువైపున ఉందో చెప్పి, దాని ఫోటో పెట్టండి. పెద్దవాళ్ళు చెప్పే "ఫలానా ఏడు కొండ కదిలింది" అన్న మాట ఎంత అసంపూర్ణమైనా సరే, ఎవరు చెప్పారో, ఎవరి దగ్గర విన్నారో కలిపి రాసి పెట్టండి. వీటిలో నూటికి తొంభై వాన పని అని తేలవచ్చు. తేలనివ్వండి. మిగిలిన పదింటి కోసమే ఈ వెతుకులాట.